పై రెక్క లేని కిటికీ

మదీనా బీకి తెలుగు నేర్పింది బడి కాదు, కిటికీ. పుట్టింట్లో ఉర్దూ, అత్తింట్లో ఉర్దూ. పద్దెనిమిదో ఏట పెళ్ళయి విశాఖ పాతపట్నంలో, పూర్ణా మార్కెట్ వెనక సందులో, నజీర్ అహ్మద్ ఇంట కాలు పెట్టింది. ఆ తర్వాత వీధి కిటికీ కింద పీట వేసుకుని, బయట జనం మాట్లాడుకునేది వింటూ ఒక్కో మాటా పట్టుకుంది. అందుకే ఆమె తెలుగు అచ్చంగా జాలరిపేట తెలుగు. చదువుకున్నవాళ్ళెవరైనా అది విని నవ్వితే తనూ నవ్వేసేది, ఎందుకు నవ్వారో అడగకుండా.

ఆ కిటికీ సంగతి కొంచెం చెప్పాలి. కింద రెండు, పైన రెండు, మొత్తం నాలుగు చెక్క రెక్కలు. వాటికి బయటివైపు ఇనుప చువ్వలు. కింది రెక్కలు ఏనాడూ తెరవకూడదు. పై రెక్కలు పొద్దున్నే తెరిచి దీపాలవేళకి మూసెయ్యాలి. ఇది అత్తగారు పెట్టిన చట్టం. ఆ సందు ఎంత ఇరుకంటే నడిచేవాడి భుజం కిటికీకి రాసుకుంటుంది. కింది రెక్కలు మూసి ఉంటే లోపల పీట మీద కూర్చున్న ఆడమనిషి ఎవరి కంటా పడదు. పైనుంచి గాలీ వెలుతురూ మాటా వస్తాయి. మదీనా బీని బీబమ్మ అని పిలిచే ఆ సందులో ఈ లెక్క అందరికీ తెలుసు. పై రెక్కలు తెరిచి ఉంటే బీబమ్మ ఉన్నట్టు, పలకరించవచ్చు. మూసి ఉంటే లేనట్టు, ఉన్నా పలకనట్టు.

ఇంకో నియమం కూడా ఉండేది. బయటివాళ్ళు పిలిస్తే పలకాలే తప్ప, లోపలినుంచి తానుగా ఎవర్నీ పిలవకూడదు. అడక్కుండా కోడలి గొంతు గడప దాటకూడదంది అత్తగారు. ఆవిడ పోయి పదిహేనేళ్ళయింది. నియమం మాత్రం పోలేదు. కొందరు పెద్దలకు ఆయుష్షు అలా ఉంటుంది, మనిషి పోయినా మాట పోదు.

ముప్ఫై నాలుగేళ్ళు మదీనా బీ ఆ సందుని విన్నది గానీ చూడలేదు. కూరగాయల బండివాడు దగ్గుతాడని తెలుసు, పొట్టో పొడుగో తెలియదు. ఎప్పుడైనా బయటికెళ్ళాల్సి వస్తే బురఖా వేసుకుని, తల వంచుకుని, భర్త వెనకే సందు చివరికి నడిచి ఆటో ఎక్కేది. తల వంచుకుని నడిచినవాళ్ళకి సందంటే రాళ్ళూ కాలవా, అంతే.

నజీర్ అహ్మద్‌కి మార్కెట్లో మడతబందులూ గడియలూ తాళాలూ అమ్మే కొట్టు ఉండేది. ఊళ్ళో సగం తలుపులూ కిటికీలూ ఆయన అమ్మిన మడతబందుల మీదే తిరిగేవి. సొంతింటి కిటికీకి మాత్రం ఏనాడూ ఒక్క మేకు కొట్టిన పాపాన పోలేదు. చెడ్డవాడు కాదు. ఒక్కనాడు చెయ్యెత్తలేదు, గొంతెత్తలేదు. అయితే ఆమెను ఏదీ అడగలేదు కూడా. గోడల రంగు, తినే బియ్యం, ఆమె కాలి చెప్పులు, అన్నీ తనే ఎంచి తెచ్చేవాడు. బాగుందా అంటే బాగుందనేది. నిజానికి బాగానే ఉండేవి. పిల్లలు కలగలేదు. దానికీ ఆయన ఏమీ అనలేదు, ఆమె ఏమీ అనలేదు.

రెండు నెలల కిందట, మధ్యాహ్నం నమాజు చేసుకుని కొట్లో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయాడు.

భర్త పోయిన ముసల్మాను స్త్రీ నాలుగు నెలల పది రోజులు భర్త ఇంట్లోనే ఉండాలి, గడప దాటకూడదు, పరాయి మగవాళ్ళ ఎదుటికి రాకూడదు. దాన్ని ఇద్దత్ అంటారు. మొదటి నలభై రోజులూ ఇల్లు చుట్టాలతో నిండుగా ఉంది. మేనల్లుడు ఆసిమ్ భార్య ఫర్హా వచ్చి తోడుంది. తర్వాత ఫర్హా సెలవైపోయింది. ఆమె గాజువాకలో టీచరు. ఆసిమ్‌కి ద్వారకా నగర్‌లో సెల్‌ఫోన్ల కొట్టు. రెండు రోజులకోసారి సరుకులు తెచ్చిపెట్టి, అరగంట కూర్చుని వెళ్ళేవాడు. ఇద్దత్ అయ్యాక గాజువాకలో మాతోనే ఉండిపో ఫుప్పూ అన్నాడు. ఫుప్పూ అంటే మేనత్త. ఆమె ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు.

ఇక మిగిలింది జోగమ్మ. జాలరిపేట మనిషి. పొద్దున మార్కెట్లో చేపలు అమ్ముకుని, మిగిలినవి తట్టలో పెట్టుకుని సాయంత్రం ఈ సందులోంచి ఇంటికి పోయేది. ఇరవై ఏళ్ళ నుంచీ కిటికీ దగ్గర ఆగి, "బీబమ్మా, కానాగంతలున్నాయి" అనేది. నజీర్ పోయిన మర్నాడు మాత్రం చేపల మాట ఎత్తలేదు. "బీబమ్మా, ఏటైనా తిన్నావేటి?" అని అడిగింది. ఆ తర్వాత రోజూ అదే ప్రశ్న. చేప కొన్నా కొనకపోయినా కాసేపు గోడకి ఆనుకుని నిలబడి, పడవల సంగతీ, కోడలి సంగతీ, మోకాళ్ళ నొప్పీ చెప్పి వెళ్ళేది. రోజు మొత్తంలో మదీనా బీని పిలిచే గొంతు అదొక్కటే. అది కూడా లేకపోతే తను ఉన్నదో లేదో తనకే అనుమానం వస్తుందనిపించేది ఆమెకు. పొద్దుటినుంచీ ఆ ఒక్క పిలుపు కోసమే చూసేది.

అలా ఉండగా వాయుగుండం వచ్చింది. రెండు రోజులు గాలీ వానా ఊరిని ఊపేశాయి. రెండో రోజు పై రెక్క ఒకటి ఊడి పడింది. ఉప్పుగాలికి మడతబందు తుప్పు పట్టిపోయి చేత్తో నలిపితే పొడి రాలుతోంది. చట్రం చెదపట్టింది. చువ్వలు పెచ్చులు పెచ్చులుగా లేస్తున్నాయి. వాన చినుకు నేరుగా పీట మీద పడుతోంది. ఇక మొత్తం మార్చాల్సిందేనని ఆసిమ్ తన స్నేహితుడు సాయిశంకర్‌ని తీసుకొచ్చాడు. అతను కిటికీలు చేయించి బిగించే మనిషి.

పరాయి మగవాడు కాబట్టి మదీనా బీ లోపలి గదిలో కర్టెన్ వెనక కూర్చుంది. సాయిశంకర్ తెచ్చిన ముక్కల్ని ఆసిమ్ ఒక్కొక్కటే కర్టెన్ కింద నుంచి లోపలికి అందించాడు. ముందుగా టేకు ముక్క వచ్చింది. వాసన చూసింది, బాగుంది. వానాకాలం ఉబ్బుతుంది, చెదని నమ్మలేం అన్నాడు అవతలినుంచి సాయిశంకర్. తర్వాత ఇనుము. బరువుగా ఉంది. సముద్రం పక్కన ఇనుము పెట్టడమంటే ఏడాదికోసారి రంగులకి కూర్చోవడమే అన్నాడు. ఆ తర్వాత అల్యూమినియం. చల్లగా, తేలిగ్గా ఉంది. కొన్నాళ్ళకి ఉప్పు తెల్లటి మచ్చలు కడుతుందట. చివరికి యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్. నున్నగా, కొత్త బకెట్టు పట్టుకున్నట్టుంది. దీనికి చెద పట్టదు, తుప్పు పట్టదు, మసి పడితే గుడ్డతో తుడిస్తే పోతుంది అన్నాడు. అమ్మేవాడు ఆఖర్న ఏది చూపిస్తే అదే అంటగట్టబోతున్నాడని ఆమెకు తెలుసు. మడతబందుల కొట్టువాడితో ముప్ఫై నాలుగేళ్ళు కాపరం చేసింది మరి.

పై సగం మాత్రం విడిగా తెరుచుకుంటుందా అని ఆసిమ్ చేత అడిగించింది. అది పాతకాలం మోడలనీ, ఇప్పుడంతా పక్కకి జరిపే అద్దాలేననీ జవాబొచ్చింది. అప్పుడు సాయిశంకర్ ఇంకో గాజు ముక్క అందించాడు.

"ఇది అద్దం గాజు అమ్మగారూ. లోపల్నుంచి సూత్తే సందంతా కనబడతాది. బయట్నుంచి సూసినోడికి ఆడి మొకమే ఆడికి కనబడతాది. కింద రెక్కలు మూసుకోవాల్సిన పనే లేదు."

మదీనా బీ ఆ ముక్కని కంటికి దగ్గరగా పెట్టుకుంది. గోడా బల్లా మసక రంగులో కనిపించాయి. సందు కనబడుతుంది. కూరగాయలవాడు కనబడతాడు. జోగమ్మ కనబడుతుంది. ఇరవై ఏళ్ళుగా గొంతు మాత్రమే తెలిసిన మనిషి! ముక్కని తిప్పి మళ్ళీ కంటికి ఆనించింది. ఈ వయసులో ఇదేం ఆశ అని తనను తాను కసురుకుంది కూడా.

"ఏది కావాలి ఫుప్పూ? నువ్వే చెప్పు," అన్నాడు ఆసిమ్.

ఇంట్లో ఒక వస్తువు గురించి ఆ మాట ఆమెను ఎవరైనా అడగడం అదే మొదలు. అద్దం గాజు వేసిన యూపీవీసీ కావాలంది. కావాలి అనే మాట ఆమెకు అలవాటు లేనిది.

వారం తిరక్కుండా కిటికీ వచ్చింది. ఆమె వెనక గదిలో కూర్చుని ఉండగా, మధ్యాహ్నానికల్లా పాతది పీకి, బయట కొత్త చువ్వలతో సహా కొత్తది బిగించేశారు. పనివాళ్ళు వెళ్ళాక ఆసిమ్ అద్దం ఇటూ అటూ జరిపి చూపించాడు. నజీర్ బట్టలు రెండు పెద్ద సంచుల్లో సర్దుకున్నాడు, లేనివాళ్ళకి పంచడానికి. వాటితో బయల్దేరి, లాగితే పడే తాళం లాగి వెళ్ళిపోయాడు.

మదీనా బీ పీట తీసేసి కుర్చీ వేసుకుంది. సందు మొత్తం ఆమె ముందు ఉంది. కూరగాయలవాడు ఆరడుగుల మనిషి! ఇంత పొడుగువాడికి అంత సన్నటి దగ్గా అని నవ్వొచ్చింది. ఎదురింటి తాయారు తలుపుకి తాళం వేసుకుని బట్టలకొట్లో పనికి వెళ్తోంది. ఆమె గొంతు గరుకు గానీ మనిషి ఎంత సన్నగా, చిన్నపిల్లలా ఉందో. మదీనా బీ చూసిన వాళ్ళందర్నీ మనసులో పేరు పేరునా పలకరించింది. సాయంత్రం దాకా మంచినీళ్ళు కూడా తాగలేదు.

జోగమ్మ వచ్చింది. తట్టని బట్టి పోల్చుకుంది. నల్లగా, గట్టిగా, ముక్కుకి రెండువైపులా పుడకలతో, అనుకున్నదానికన్నా పెద్దామె. కిటికీ ముందు ఆగింది. మదీనా బీ అప్పుడే నోరు తెరిచింది, పిలుపు రాగానే ఆఁ అందామని. జోగమ్మ అద్దం వైపు వింతగా చూసింది. తట్ట దించి, చెంపకు అంటిన పొలుసు గోటితో తీసేసుకుంది. జుట్టు వెనక్కి తోసుకుని ముడి బిగించింది. సూటిగా మదీనా బీ కళ్ళల్లోకి చూస్తూ కొంగుతో ముఖం తుడుచుకుంది. తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

జానెడు దూరం కూడా లేదు. అంత దగ్గరగా వచ్చి తనను కాకుండా తన ముఖాన్ని చూసుకుని వెళ్ళిన మనిషి వెనకాల మదీనా బీ చాలాసేపు నోరు తెరిచే ఉండిపోయింది. ఏడుపొచ్చింది. చేప బేరం పోయినందుకు ఇంత ఏడుపా అనుకుంటారేమోనని, ఎవరూ లేని ఇంట్లో కూడా కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆ సాయంత్రం నమాజు వేళకి దీపం వేసింది. కిటికీలో సందు మాయమై తన ముఖం ప్రత్యక్షమైంది. ఉలిక్కిపడి చూసింది. లోపల వెలుగు ఎక్కువైతే అద్దం తిరగబడుతుంది. ఇప్పుడు తనకు సందు కనిపించదు, సందుకి తను కనిపిస్తుంది! సాయిశంకర్ పట్టపగలు వచ్చాడు కాబట్టి ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. గభాల్న దీపం ఆర్పేసింది. ఆ రోజునుంచీ ముందు గదిలో దీపమే వెయ్యలేదు.

మర్నాడు అద్దం బెత్తెడు జరిపి, దుప్పటా అడ్డం కట్టి చూసింది. సముద్రపు గాలి దాన్ని ఒక్క ఊపున ఎగరేసింది. గట్టిగా బిగించి కట్టింది. అలా కట్టినా లాభం లేకపోయింది, గుడ్డ కట్టిన కిటికీ అంటే సందుకి మూసిన కిటికీయే. జోగమ్మ అటుగా వచ్చి, చూసి, సాగిపోయింది. మూడోనాడు ధైర్యం చేసి గాజు మీద వేళ్ళ కణుపులతో కొట్టింది. ఇద్దత్‌లో గాజులు వేసుకోరు, చేతికి చప్పుడే లేదు. జోగమ్మ ఆగి చెవి ఒగ్గింది. "లోపల పిల్లిగానీ ఉండిపోనాదేటి," అని పక్కనెవరితోనో అంది. మదీనా బీ సిగ్గుతో చెయ్యి వెనక్కి తీసుకుంది.

పేరు పెట్టి పిలిస్తే సరిపోయేది. తలుపు ఓరగా తీసినా సరిపోయేది. మనకు తేలిగ్గానే తోస్తుంది. కానీ చేప కావాలని పిలవొచ్చు, చిల్లర కావాలని పిలవొచ్చు, నాతో మాట్లాడమని ఎవర్నైనా ఏమని పిలుస్తారు? ముప్ఫై నాలుగేళ్ళు పిలిస్తే పలికిన గొంతు అది. మొదటి మాట ఎప్పుడూ అవతలివాళ్ళదే. గొంతుదాకా వచ్చిన పేరు అక్కడే ఆగిపోయేది.

ఆసిమ్ వచ్చినప్పుడు కిటికీ బాగుందా ఫుప్పూ అని అడిగాడు. బాగుంది బేటా అంది. తను కోరి తెచ్చుకున్న మొట్టమొదటి వస్తువు. అది బాగాలేదని ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? ఫోను చేద్దామన్నా జోగమ్మ నంబరు లేదు. రోజూ కిటికీకి వచ్చే మనిషిని నంబరు ఎవరడుగుతారు?

ఎనిమిదో రోజు మబ్బు పట్టి పొద్దు ముందే వాలింది. మదీనా బీ చీకటి గదిలో కుర్చీలో కూర్చుని ఉంది. జోగమ్మ వచ్చి కిటికీ ముందు ఆగి, తట్ట దించి, మామూలుగా జుట్టు సవరించుకుంది. అప్పుడే తాయారు పని నుంచి వచ్చి తాళం తీసుకుంటోంది. మాటలు గాజులోంచి నీళ్ళడుగునుంచి వచ్చినట్టు వినిపించాయి.

బీబమ్మ ఊళ్ళో లేదా అని జోగమ్మ అడిగింది. మేనల్లుడు గాజువాక తీసుకుపోయినట్టున్నాడు, ఆవేళ పెద్ద సంచులు మోసుకెళ్తుంటే చూశాను, రాత్రి పూట దీపం కూడా ఉండటం లేదు అని తాయారు చెప్పింది. ఆ మాట చెప్పి లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

జోగమ్మ మళ్ళీ గాజు వైపు తిరిగింది. అందులోని తన ముఖంతోనే అన్నట్టు అంది.

"ఒక మాటైనా సెప్పకుండా ఎల్లిపోనాదా? సర్లే. ఈయమ్మ కోసరమే సుట్టూ తిరిగి ఇటొత్తన్నాను. రేపట్నుంచి రోడ్డంట ఎల్లిపోతాను, దగ్గరౌతాది."

వంగి తట్ట అందుకుంది. కష్టం మీద మోకాలు పట్టుకుని లేస్తోంది.

మదీనా బీ లేచి నిలబడింది. తలుపు దాకా మూడడుగులు, కానీ ఆ మూడడుగులూ పడలేదు. నోరు తెరిచింది, గొంతు రాలేదు. ఆ మనిషి వెళ్ళిపోతే ఇంకా రెండు నెలల పై చిలుకు రోజులు, ప్రతి సాయంత్రం, ఈ కుర్చీ, ఈ సందు, తనను చూడని జనం. చెయ్యి గోడ తడుముతూ స్విచ్చు దగ్గరికి వెళ్ళింది. దుప్పటా తల మీదికి నుదుటిదాకా లాక్కుంది. దీపం వేసింది.

సందు పోయింది. గాజు నిండా తనే ఉంది. చిక్కిపోయిన ముఖం, కళ్ళ కింద నలుపు. రెండు నెలలుగా తన ముఖం తేరిపార చూసుకోలేదు, ఆ మనిషి ఎవరో అనిపించింది. ఆ ముఖం వెనకాల జోగమ్మ ఉందో, మలుపు తిరిగిపోయిందో తెలియదు. ఏ మగవాడైనా నిలబడి చూస్తున్నాడేమో తెలియదు. ఎవరు చూసినా సరే, ఒకరు చూస్తే చాలు అనుకుని కదలకుండా నిలబడింది.

"బీబమ్మా?"

గాజుకి అవతల, చాలా దగ్గరగా.

"ఆఁ," అంది మదీనా బీ. అద్దం పక్కకి జరిపింది. ఇరవై ఏళ్ళలో జోగమ్మ ఆ ముఖాన్ని చూడటం అదే మొదటిసారి. నడుము మీద తట్టతో అలాగే నిలబడిపోయింది.

"నువ్వేనేటి? ఇన్నాళ్ళూ లోపలే ఉన్నావేటి?"

"ఇక్కడే ఉన్నాను."

"నానిక్కడ నిలబడి మొకం సూసుకుంటంటే, నువ్వు నన్ను సూత్తానే ఉన్నావా?"

"సూసినాను."

జోగమ్మ ముఖం మాడిపోయింది. అవమానం కన్నా బాధే ఎక్కువగా ఉంది అందులో. "మరి పిలవలేదేటి?"

మదీనా బీ చువ్వ పట్టుకుంది. అబద్ధం వెతుక్కుంది గానీ దొరకలేదు.

"పిలవడం నాకు రాదు జోగమ్మా," అంది.

జోగమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. ఇంతకాలం పీట మీదినుంచి ఆఁ, ఊఁ, ఉందా, ఎంత అన్న మనిషి నోట ఒక్కసారైనా తన పేరు ముందుగా వచ్చిందా అని గుర్తు చేసుకుంటున్నట్టుంది. తట్ట కిటికీ కింద దించేసి, చేతులు దులుపుకుని, సందులో పదడుగులు వెనక్కి నడిచి అక్కడ ఆగింది.

"నానెల్లిపోతన్నాననుకో. పిలు, సూద్దాం."

మదీనా బీ పెదాలు కదిపింది. జోగమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టి, వినబడలేదని తల ఊపింది. రెండోసారి కొంచెం వచ్చింది, సగం పేరు గొంతులోనే ఉండిపోయింది. మళ్ళీ వినబడలేదంది జోగమ్మ. వినబడే ఉంటుంది, ఆమె చెవులు పాముచెవులు.

మూడోసారి పిలిచేసరికి ఎదురింటి తాయారు తలుపు తీసుకుని బయటికొచ్చింది.